ఎగ్జిమాకు ఆయుష్ ఓపీ చికిత్స: చర్మానికి చేటు రాకుండా ఎలా తీసుకోవాలి

మా అబ్బాయికి ఆరో నెలలో బుగ్గల మీద ఎర్రగా ఎగ్జిమా మొదలైంది. నడక వచ్చేసరికి మోచేతి మడతల్లోకి, మోకాళ్ల వెనక్కి దిగింది. పొద్దున పక్క దులిపితే పొట్టు రాలేది. దుప్పటి మీద సన్నటి రక్తపు గీతలు ఉండేవి. వాడికి ఇప్పుడు పదకొండేళ్లు. ఈ పదేళ్లలో చర్మవైద్యుల దగ్గరికీ, ఆయుష్ అని కలిపి పిలిచే ఆయుర్వేద, యునాని, హోమియో ఓపీలకూ వాడిని తిప్పాం. కొన్నిచోట్ల మేలు జరిగింది. ఒకచోట వాడి ప్రాణం మీదికి వచ్చింది.

ఎగ్జిమా ఉన్న ఇంట్లో వాళ్లు ఏదో ఒకనాడు ఇంగ్లిషు మందులతో విసిగి ఇంకో వైద్యం వైపు చూడటం నాకు బాగా తెలుసు. వెళ్లవద్దని చెప్పడానికి ఇది రాయడం లేదు. వెళ్తే ఎలా వెళ్లాలో చెబుతున్నాను. నా మాట ఒక్కటే: జబ్బు పేరు తెలియకుండా మందు మొదలుపెట్టకండి, మందు పేరు తెలియకుండా ఒంటికి తగలనివ్వకండి.

మొదటి పని: జబ్బు పేరు తేల్చుకోండి

మన భాషలో ఇక్కడే పెద్ద చిక్కు ఉంది. చాలా ఇళ్లలో తామర అన్న ఒక్క మాటతోనే రెండు జబ్బులను పిలుస్తారు. ఒకటి శిలీంధ్రం వల్ల వచ్చే తామర. రెండోది ఎగ్జిమా. ఈ రెండింటి మందులు వేరు. ఒకదాని మందు రెండోదానికి పూస్తే కీడు జరుగుతుంది.

శిలీంధ్రపు తామర గుండ్రటి బిళ్లలా వస్తుంది. అంచు ఎర్రగా, కొంచెం ఎత్తుగా ఉండి, మధ్యలో చర్మం మామూలుగా కనిపిస్తుంది. గజ్జలు, నడుము, పిరుదులు దాని చోట్లు. దాని మీద స్టెరాయిడ్ క్రీము పూస్తే నాలుగు రోజులు దురద తగ్గుతుంది, ఆ తర్వాత అది అంచు ఆనవాలు కూడా లేకుండా ఒళ్లంతా పాకుతుంది. మందుల దుకాణంలో అడిగితే ఇచ్చే, స్టెరాయిడ్ కలిసిన మూడు మందుల మిశ్రమ క్రీములతో ఈ కష్టం ఎంత పెరిగిందంటే, స్టెరాయిడ్ పూత మందులను వైద్యుల చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్రం నిబంధన తెచ్చింది.

గజ్జి వేరు. అది చిన్న పురుగు వల్ల వస్తుంది. వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర, బొడ్డు చుట్టూ సన్నటి పొక్కులు లేస్తాయి. రాత్రి పక్క ఎక్కగానే దురద రెట్టింపు అవుతుంది. అన్నిటికంటే పెద్ద గుర్తు ఏమిటంటే, ఇంట్లో ఇంకొకరికి కూడా దురద ఉంటుంది. గజ్జికి ఇంటిల్లిపాదీ ఒకేరోజు మందు రాసుకోవాలి. పసరులూ పథ్యాలూ దానికి పనిచేయవు.

దద్దుర్లు మరొకటి. దోమ కుట్టినట్టు ఉబ్బి, ఒకచోట మాయమై ఇంకోచోట లేస్తాయి. ఒక్కో దద్దురు సాధారణంగా ఇరవై నాలుగు గంటల లోపే ఆనవాలు లేకుండా పోతుంది. ఎగ్జిమా అలా పోదు. అది పొడిబారిన చర్మం మీద, పసిపిల్లలకు బుగ్గల మీద, పెద్ద పిల్లలకు మడతల్లో, వారాల తరబడి ఒకేచోట ఉంటుంది. గీకి గీకి చర్మం మందంగా, ఏనుగు తోలులా తయారవుతుంది. చాలాసార్లు ఇంట్లో ఎవరికో ఆయాసం, పొద్దున లేవగానే తుమ్ములు ఉంటాయి.

ఇంకొక జబ్బు గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే అది మన పొలాల్లోనే ఉంది. అదే వయ్యారిభామ మొక్క వల్ల వచ్చే ఎగ్జిమా. ఈ కలుపు మొక్కను మన దేశంలో 1950లలో పుణె ప్రాంతంలో గుర్తించారు. తర్వాత దేశమంతా పాకింది. నడివయసు దాటిన రైతుకు కనురెప్పల మీద, చెవుల వెనక, గడ్డం కింద, మెడ మీద, మోచేతి మడతల్లో ఎర్రబడి దురద వస్తుంటే, అది చెట్టూ చేమా పెరిగే కాలంలో ఎక్కువై తర్వాత తగ్గుతుంటే, ముందు దాన్నే అనుమానించాలి. గాలిలో ఎగిరే ఎండిన ముక్కలూ పుప్పొడీ చాలు. అలాంటి మనిషిని రక్తశుద్ధి అని చెప్పి ఏడాదిపాటు కషాయాలు తాగిస్తూ, అదే గట్టు మీద కూర్చోబెడితే ఏ కషాయమూ గెలవదు. నిండు చేతుల చొక్కా వేసుకోవడం, పొలం నుంచి రాగానే స్నానం చేసి బట్టలు మార్చడం, ఉతికిన బట్టలు గట్ల మీద ఆరవేయకపోవడం, పీకిన మొక్కను తగలబెట్టకపోవడం అతనికి మొదటి మందు.

సిమెంటు పనివారి చేతులకు, గిల్టు నగల వల్ల మెడకు, బొట్టుబిళ్ల జిగురు వల్ల నుదుటికి, జుట్టు రంగు వల్ల తలకు వచ్చేవీ ఈ కోవలోవే. వీటిని తేల్చడానికి ప్యాచ్ పరీక్ష ఉంది. అనుమానం ఉన్న పదార్థాలను చిన్న చిన్న అరల్లో పెట్టి వీపుకు అంటిస్తారు. రెండు రోజుల తర్వాత తీసి చూస్తారు, మళ్లీ ఒకటి రెండు రోజులకు ఇంకోసారి చూస్తారు. అన్ని రోజులూ వీపు తడపకూడదు. స్టెరాయిడ్ మాత్రలు వేసుకుంటుంటే ముందే చెప్పాలి, లేకపోతే ఫలితం తప్పుగా వస్తుంది.

కాబట్టి ఏ ఓపీకి వెళ్లాలనుకున్నా, దానికి ముందు ఒక్కసారి చర్మవైద్యులకు చూపించి, జబ్బు పేరు చీటీ మీద రాయించుకోండి.

రెండో పని: రెండు వారాలు పుస్తకం రాయండి

ఇరవై పేజీల నోటు పుస్తకం చాలు. రోజూ రాత్రి నాలుగు మాటలు రాయండి: దురద సున్నా నుంచి పదికి ఎంత, నిద్రలో ఎన్నిసార్లు లేచారు, ఏ పూత ఎన్నిసార్లు రాశారు, ఆ రోజు కొత్తగా ఏమి జరిగింది. కొత్త సబ్బు, పెళ్లిలో వేసుకున్న జరీ బట్ట, ఎండలో ఆట, జలుబు, పరీక్షలు, అన్నీ రాయండి. వారానికి ఒకసారి ఒకే కిటికీ దగ్గర, ఒకే వేళకు, ఒకే చోటు ఫొటో తీయండి. వెలుతురు మారితే ఎరుపు కూడా మారినట్టు కనిపిస్తుంది.

పోయెమ్ అనే ప్రశ్నల పట్టిక ఒకటి వైద్యులు వాడతారు. గడిచిన వారంలో ఎన్ని రోజులు దురద పెట్టింది, ఎన్ని రోజులు నిద్ర చెడింది, రక్తం కారిందా, నీరు కారిందా, చర్మం పగిలిందా, పొట్టు రాలిందా, పొడిబారిందా అని ఏడు ప్రశ్నలు. ఒక్కోదానికి సున్నా నుంచి నాలుగు మార్కులు, మొత్తం 28. ఏడు వరకు స్వల్పం, 8 నుంచి 16 మధ్యస్థం, 17 నుంచి పైన తీవ్రం. కొత్త వైద్యం మొదలుపెట్టే రోజున ఈ అంకె రాసి పెట్టుకోండి. ఎగ్జిమా తనంతట తాను పెరుగుతూ తగ్గుతూ ఉండే జబ్బు. అంకె లేకపోతే, బాగా పెరిగినప్పుడు మొదలుపెట్టిన ఏ మందయినా పనిచేసినట్టే తోస్తుంది.

మూడో పని: పూత ఏనాడూ ఆపకండి

ఎగ్జిమా పిల్లల చర్మం ఇటుకల మధ్య సున్నం ఊడిన గోడలాంటిది. లోపలి తడి బయటికి పోతుంది, బయటి దుమ్మూ సబ్బూ క్రిములూ లోపలికి పోతాయి. ఈ గోడను గట్టిగా ఉంచే ఫిలాగ్రిన్ అనే ప్రొటీన్‌ను తయారుచేసే జన్యువులో లోపం ఉన్నవారికి ఎగ్జిమా ఎక్కువగా వస్తుందని 2006లో కనుగొన్నారు. ఆ గోడకు రోజూ మెత్తవలసిందే. ఆయుర్వేదానికి మారాం కదా అని ఇది ఆపితే ఏ వైద్యమూ నిలవదు.

స్నానం గోరువెచ్చటి నీటితో, ఐదు నుంచి పది నిమిషాలు. సున్నిపిండితో రుద్దకండి, పీచు వాడకండి. మెత్తటి నూలు తువాలుతో అద్ది, ఒళ్లు ఇంకా చెమ్మగా ఉండగానే, మూడు నిమిషాల లోపు పూత రాయండి. తెల్లటి పెట్రోలియం జెల్లీ చవకైనది, మంచిది. వేసవిలో అది చెమటకాయలు తెప్పిస్తుంది కాబట్టి పగలు పలుచటి క్రీము, రాత్రి జెల్లీ రాయండి. పిల్లలకు వారానికి 150 నుంచి 250 గ్రాములు పడుతుంది. చిన్న గొట్టం నెల రోజులు వస్తోందంటే, చాలినంత రాయడం లేదని అర్థం.

నూనెల సంగతి చాలామంది అడుగుతారు. శుద్ధమైన కొబ్బరి నూనె చెమ్మ ఒంటికి రాస్తే మేలు చేసినట్టు ఫిలిప్పీన్స్‌లో జరిగిన అధ్యయనాల్లో తేలింది. మా ఇంట్లో కూడా అదే పనికొచ్చింది. ఆలివ్ నూనె, ఆవనూనె చర్మపు పైపొరను దెబ్బతీస్తాయి, మానుకోండి. వేపనూనె పసిపిల్లలకు చుక్క కూడా తాగించకండి. దానివల్ల వాంతులు, మూర్ఛలు వచ్చి మెదడు దెబ్బతిన్న సందర్భాలున్నాయి. నిమ్మరసం, వెల్లుల్లి, జిల్లేడు పాలు, నల్లజీడి రసం ఎగ్జిమా మీద పెట్టవద్దు. నల్లజీడి రసం బట్టల మీద చాకలి గుర్తు పెట్టడానికి వాడినది. ఆరోగ్యంగా ఉన్న చర్మాన్నే బొబ్బలెక్కించగలదు.

వైద్యులు స్టెరాయిడ్ క్రీము రాసి ఉంటే, దాన్ని ఎంత రాయాలో వేలితో కొలవవచ్చు. పెద్దవారి చూపుడు వేలి కొస నుంచి మొదటి గీత వరకు గొట్టంలోంచి గీతలా పిండితే సుమారు అర గ్రాము. అది పెద్దవారి రెండు అరచేతులంత (వేళ్లతో కలిపి) చోటుకు సరిపోతుంది. ఎర్రగా ఉన్న చోట మాత్రమే, చెప్పినన్ని రోజులే రాయాలి.

నాలుగో పని: ఓపీని ఎంచుకోండి

ఊరూరా వెలిసే శిబిరాల కంటే, బోధనాసుపత్రి ఓపీ మేలు. అక్కడ పేరు నమోదవుతుంది, చీటీ ఉంటుంది, ఏదయినా జరిగితే అడగడానికి మనిషి ఉంటాడు. హైదరాబాద్ ఎర్రగడ్డలో ప్రభుత్వ ఆయుర్వేద ఆసుపత్రి ఉంది. అక్కడే చర్మవ్యాధుల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే జాతీయ యునాని పరిశోధన సంస్థ ఉంది. బొల్లి చికిత్సకు దూరప్రాంతాల నుంచి కూడా అక్కడికి వస్తారు. చార్మినార్ దగ్గర నిజామియా యునాని ఆసుపత్రి, రామంతాపూర్‌లో ప్రభుత్వ హోమియో కళాశాల, అమీర్‌పేట వైపు ప్రకృతి చికిత్సాలయం ఉన్నాయి. విజయవాడలో, తిరుపతిలో ఆయుర్వేద కళాశాలలు, గుడివాడలో హోమియో కళాశాల ఉన్నాయి.

వైద్యుల పట్టా పేరు అడగడానికి మొహమాటపడకండి. ఆయుర్వేదానికి బీఏఎంఎస్, యునానికి బీయూఎంఎస్, హోమియోకు బీహెచ్ఎంఎస్, ప్రకృతి వైద్యానికి బీఎన్‌వైఎస్. రిజిస్ట్రేషన్ నంబరు గోడ మీదో చీటీ మీదో ఉంటుంది.

ఎంత ఆశ పెట్టుకోవాలో కూడా చెప్పాలి. ఎగ్జిమాను పూర్తిగా పోగొట్టినట్టు నిలబడ్డ రుజువు ఈ పద్ధతుల్లో దేనికీ లేదు. ఆయుర్వేద, యునాని మందుల మీద జరిగినవి ఎక్కువగా చిన్న అధ్యయనాలు. హోమియో మాత్రలు మందు లేని ఉత్తి మాత్రల కంటే ఎక్కువగా ఎగ్జిమాను తగ్గించాయని నమ్మదగిన అధ్యయనాలు చూపలేదు. చైనా మూలికల కషాయం మీద 1990లలో లండన్ నుంచి వచ్చిన ఫలితాలు గొప్ప ఆశ రేపాయి. తర్వాతి పరీక్షల్లో ఆ మేలు నిలబడలేదు. ఈవెనింగ్ ప్రింరోజ్ నూనె గుళికలు పనిచేయవని 2013లో పరీక్షలన్నిటినీ కలిపి చూసిన సమీక్ష తేల్చింది. అయినా ఓపీలో వైద్యులు తీరిగ్గా కూర్చోబెట్టి నిద్ర గురించి, మలబద్ధకం గురించి, ఇంటి సంగతుల గురించి అడుగుతారు. మా వాడి విషయంలో ఆ తీరిక చాలా పనిచేసింది. దురద ఎప్పుడు ఎక్కువవుతుందో మేము గమనించడం నేర్చుకున్నది ఒక ఆయుర్వేద వైద్యురాలి ప్రశ్నల వల్లే.

చర్మవైద్యుల ఓపీలోనే ఆసుపత్రిలో చేరకుండా తీసుకునే మరో చికిత్స ఉంది, దాన్ని కూడా తూచి చూడండి. వారానికి రెండు మూడుసార్లు వెళ్లి కొన్ని సెకన్ల నుంచి కొన్ని నిమిషాలు అతినీలలోహిత కాంతి పెట్టించుకోవడం. మందులు మింగడం ఇష్టం లేని పెద్దవారికి ఇది మంచి దారి.

ఐదో పని: ఓపీ రోజున

ఉదయాన్నే వెళ్లండి. వాడుతున్న మందులన్నీ, క్రీముల గొట్టాలతో సహా, ఒక సంచిలో వేసుకొని తీసుకెళ్లండి. ఆ రోజు ఒంటికి నూనె రాయకండి, మచ్చల రంగు తెలియదు. నోటు పుస్తకం, ఫొటోలు చూపించండి. ఆయాసం ఉంటే ఆ మాట ముందే చెప్పండి.

ఆయుర్వేద ఓపీ చీటీ మీద విచర్చిక అనో, కుష్ఠ అనో రాస్తే బెదిరిపోకండి. ఆ శాస్త్రంలో కుష్ఠం అంటే చర్మవ్యాధి. పద్దెనిమిది రకాల కుష్ఠాల్లో, ఎగ్జిమాను పోలిన విచర్చిక ఒకటి. మనం అనుకునే కుష్ఠురోగం కాదు. మా అమ్మ ఆ చీటీ చూసి ఆసుపత్రి మెట్ల మీదే కూలబడి ఏడ్చింది. ఆమెకు విడమరచి చెప్పడానికి వైద్యురాలే బయటికి వచ్చింది.

మందులు ఇచ్చే కిటికీ దగ్గర అసలు జాగ్రత్త మొదలవుతుంది. పెద్ద డబ్బాల్లోంచి మాత్రలు లెక్కపెట్టి, చూర్ణం తూచి, కాగితంలో పొట్లం కట్టి ఇస్తారు. ఇంటికి వచ్చేసరికి ఏ పొట్లం ఏదో తెలియదు. అందుకే జేబులో పెన్ను పెట్టుకోండి. ప్రతి పొట్లం మీదా పేరు, మోతాదు, తేదీ అక్కడే రాయించుకోండి, లేదా వాళ్లు చెబుతుంటే మీరు రాయండి. మహాతిక్తక ఘృతం, ఖదిరారిష్టం, గంధక రసాయనం, ఆరోగ్యవర్ధిని, యునానిలో ఇత్రిఫల్ షాహ్‌తరా, ఇలా పేరంటూ ఉంటే దానిలో ఏమున్నదో తెలుసుకోవచ్చు.

పేరు తెలిశాక ఒక ప్రశ్న అడగండి: ఇందులో పాదరసం, సీసం, ఆర్సెనిక్ లాంటి లోహం ఏదయినా ఉన్నదా? ఆరోగ్యవర్ధినిలో శుద్ధి చేసిన పాదరసం, తామ్రభస్మం (రాగి భస్మం) ఉంటాయి. రసం, భస్మం, సిందూరం అన్న మాటలు పేరులో ఉంటే తప్పకుండా అడగాలి. విషపదార్థాల పట్టికలో ఉన్న దినుసులు కలిసిన మందుల మీద వైద్య పర్యవేక్షణలో వాడాలన్న హెచ్చరిక ఉండాలని మన మందుల చట్టపు నిబంధనలే చెబుతున్నాయి. ఇంటర్నెట్‌లో అమ్మే 193 ఆయుర్వేద మందులను అమెరికాలో పరీక్షించి 2008లో ఫలితాలు ప్రకటిస్తే, ఐదింట ఒకదానికి పైగా వీటిలో ఏదో ఒక లోహం బయటపడింది. పిల్లలకూ, గర్భిణులకూ, బిడ్డకు పాలిచ్చే తల్లులకూ లోహం కలిసిన మందు వద్దని నేను గట్టిగా చెబుతాను.

మూలికలన్నీ నిరపాయమని కూడా అనుకోవద్దు. బావంచాలు (ఒక మొక్క గింజలు) రాసుకొని ఎండలో నిలబడితే ఒళ్లు కాలినట్టు బొబ్బలెక్కుతుంది, లోపలికి తీసుకుంటే కొందరికి కాలేయం చెడుతుంది. తిప్పతీగ వాడినవారిలో కాలేయం వాచిన సంఘటనలు కొవిడ్ కాలంలో ముంబయి వైద్యులు ప్రచురించారు. లోపలికి తీసుకునే మందు ఏదయినా, మొదలుపెట్టే ముందు కాలేయం, మూత్రపిండాల రక్తపరీక్ష ఒకసారి, నెలకు ఇంకోసారి చేయించుకోండి. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, అన్నం సహించకపోయినా అదే రోజు ఆపి రక్తపరీక్షకు వెళ్లండి.

వమనం (మందిచ్చి వాంతులు చేయించడం), విరేచనం (మందిచ్చి విరేచనాలు చేయించడం) చేయిస్తామంటే పిల్లలకు ఒప్పుకోకండి. పెద్దవారికయినా ఓపీలో చేసి పంపేవి కావు, గుండె జబ్బు, ఆయాసం ఉన్నవారికి అసలు వద్దు. జలగలు పెట్టేటప్పుడు ఒకరికి వాడినవి ఇంకొకరికి వాడకూడదు. రక్తం పలుచబడే మందులు వాడేవారు, రక్తహీనత ఉన్నవారు మానాలి. యునానిలో కప్పులు పెట్టి రక్తం తీసే హిజామాలో గాట్లు పెడతారు. నీరు కారుతున్న ఎగ్జిమా మీద గాటు పెడితే చీము పడుతుంది.

మూడు రోజుల్లో మాయమైతే భయపడండి

మా వాడికి నాలుగో ఏట ఇది జరిగింది. ఒక పట్టణంలో చాలా పేరున్న నాటువైద్యుడి గురించి బంధువులు చెప్పారు. ఆయన పేరు లేని తెల్లటి పొడి పొట్లాలు ముప్పై ఇచ్చి, రోజుకొకటి తేనెలో నాకించమన్నాడు. ఏమిటిది అంటే గురువు చెప్పిన వేర్లు అన్నాడు. మూడో రోజుకు వాడి ఒళ్లు అద్దంలా అయింది. నాలుగేళ్లలో మొదటిసారి తెల్లవారేదాకా నిద్రపోయాడు. ఆ రాత్రి నేను ఏడ్చాను, సంతోషంతో. ఇంకో ముప్పై పొట్లాలు తెచ్చుకున్నాం. ఆరో వారానికి వాడి ముఖం గుండ్రంగా ఉబ్బింది, గంట గంటకూ ఆకలి అనేవాడు. పొట్లాలు అయిపోయి నాలుగు రోజులు దాటగానే ఒళ్లంతా మంటలా లేచింది, జ్వరం, వాంతులు, లేవలేని నీరసం. పిల్లల ఆసుపత్రిలో చేర్చాం. పొడిలో స్టెరాయిడ్ ఉందని, ఒక్కసారిగా ఆగిపోవడంతో ఒంట్లో సహజంగా తయారు కావలసిన హార్మోను అందక ఇలా అయిందని వైద్యులు చెప్పారు.

ఇది మా ఒక్కరి కథ కాదు. బ్రిటన్‌లో రోగులకు ఇచ్చిన చైనా మూలికల క్రీములు పదకొండింటిని పరీక్షించి 1999లో ఫలితం ప్రచురించారు. ఎనిమిదింటిలో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ దొరికింది.

కాబట్టి నెలల నాటి ఎగ్జిమా రెండు మూడు రోజుల్లో పూర్తిగా మాయమైతే, ఆకలి పెరిగి ముఖం ఉబ్బుతుంటే, మానగానే రెట్టింపుగా తిరగబెడుతుంటే స్టెరాయిడ్‌ను అనుమానించండి. అప్పటికే వారాలుగా లోపలికి వెళ్తున్న మందయితే మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకండి. మిగిలిన పొట్లంతో సహా ఆసుపత్రికి వెళ్లండి. మెల్లగా తగ్గించే పద్ధతి వైద్యులే చెబుతారు. విషం బయటికి వస్తోంది, ఓర్చుకోండి అనే మాట ఎవరు చెప్పినా, చర్మం రోజురోజుకూ పాకుతుంటే నమ్మకండి.

పథ్యం

వంకాయ, గోంగూర, చేప, గుడ్డు, వేరుశనగ, పెరుగు, చివరికి కందిపప్పు, మా వాడికి ఒక్కొక్కటీ ఆపుకుంటూ పోయాం. ఏడాది తిరిగేసరికి బరువు పెరగడం ఆగిపోయింది, దురద ఎక్కడిదక్కడే ఉంది. వంకాయ తింటే దురద అనే మాట పూర్తిగా అబద్ధం కాదు, కొందరికి నోరూ గొంతూ దురద పెడుతుంది. కానీ ఎగ్జిమాకు అసలు కారణం తిండి కావడం తక్కువ. తిన్న కొద్ది నిమిషాల నుంచి రెండు గంటల లోపు దద్దుర్లు, పెదవుల వాపు, వాంతి వచ్చినప్పుడు మాత్రం ఆ పదార్థాన్ని ఆపి అలర్జీ వైద్యులకు చూపించండి. వంద పదార్థాలకు ఒకేసారి చేసే రక్తపరీక్షల పట్టిక చూసి తిండి ఆపకండి. రక్తంలో ప్రతిరక్షకం కనిపించినంత మాత్రాన ఆ తిండి పడదని కాదు. బాగా తింటున్న గుడ్డును, పాలను పసిపిల్లలకు నెలల తరబడి ఆపేస్తే, తిరిగి పెట్టినప్పుడు నిజమైన అలర్జీతో తిరగబడవచ్చు.

ఓపీలో పథ్యం చెబితే ఒక పద్ధతి పెట్టుకోండి. ఒక్క పదార్థం, మూడు నాలుగు వారాలు. మార్పు లేకపోతే తిరిగి పెట్టండి. దాని బదులు ఏమి పెట్టాలో కూడా ఆ వైద్యులనే అడగండి.

గీకే చేయిని మళ్లించండి

మందు లేని ఈ చికిత్స నాకు అన్నిటికంటే ఇష్టం. స్వీడన్‌లో 1980లలో ఎగ్జిమాకు వాడి చూశారు. దురద వల్ల గీకడం ఒకటి, అలవాటుగా గీకడం ఇంకొకటి. టీవీ చూస్తూ, చదువుతూ, బడి నుంచి వచ్చి బట్టలు విప్పుతూ గీకేది అలవాటు. మొదటి వారం ఏమీ మాన్పించకండి. ఎన్నిసార్లు గీకుతున్నారో లెక్కపెట్టండి, అంతే. జపం చేసేవారు వేలికి పెట్టుకునే లెక్క మీట ఉంటుంది కదా, మా వాడికి అదే ఇచ్చాం. మొదటి రోజు 214 వచ్చింది. వాడే నోరు తెరిచాడు.

రెండో వారం నుంచి చేయి లేవగానే పిడికిలి బిగించి ముప్పై లెక్కపెట్టాలి. ఇంకా దురద ఉంటే ఆ చోటును గోరుతో నొక్కాలి, గీకకూడదు. గీకకు అని అరవకండి. పిడికిలి అని ఒక్క మాట అనండి చాలు. పూత, వైద్యులు చెప్పిన క్రీము యథాతథంగా సాగాలి. నాలుగో వారానికి మా వాడి లెక్క నలభైకి వచ్చింది.

దురద మరీ ఎక్కువైన రాత్రులకు తడి బట్ట ఉంది. పూత రాశాక, పాత మెత్తటి నూలు పంచెను గోరువెచ్చటి నీళ్లలో ముంచి పిండి, చేతికో కాలికో చుట్టి, పైన పొడి బట్ట చుట్టాలి. చీము ఉన్నచోట వద్దు. కింద స్టెరాయిడ్ క్రీము రాసి చుట్టాలంటే వైద్యులను అడిగే చేయండి, తడి కింద దాని బలం పెరుగుతుంది.

తుమ్ములు, ఆయాసం తోడుంటే

పొద్దున తుమ్ములకు జలనేతి, అంటే ముక్కును ఉప్పునీళ్లతో కడగడం, నిజంగా ఉపశమనం ఇస్తుంది. అయితే కుళాయి నీళ్లతో చేయకండి. మరిగించి చల్లార్చిన నీళ్లే వాడండి. అర లీటరుకు ఒక చెంచా ఉప్పు చాలు. శుభ్రం చేయని నీటిలోని అమీబా ముక్కు గుండా మెదడుకు చేరే ప్రమాదం అరుదైనదే అయినా ప్రాణాంతకం.

దుమ్ము పురుగుకో పుప్పొడికో అలర్జీ అని తేలినవారికి, అదే పదార్థాన్ని కొద్ది కొద్దిగా ఇచ్చి ఒంటికి అలవాటు చేసే చికిత్స 1911 నుంచి ఉంది. ఇది ఓపీలోనే ఇస్తారు, మూడు నుంచి ఐదేళ్లు పడుతుంది. సూది వేయించుకున్న తర్వాత అరగంట అక్కడే కూర్చోవాలి. తొందరపడి వెళ్లిపోకండి.

ప్రాణాయామం చేయండి, మృగశిర కార్తెనాడు చేప ప్రసాదానికి వెళ్లాలనిపిస్తే వెళ్లండి, కానీ ఆయాసానికి రాసిన ఇన్‌హేలర్‌ను ఏ వైద్యం మొదలుపెట్టినా ఆపకండి. అది జేబులోనే ఉండాలి.

ఎన్నాళ్లు చూడాలి, ఎప్పుడు పరుగెత్తాలి

ఒకసారి ఒక్క మార్పే చేయండి. కషాయం, కొత్త నూనె, పథ్యం ఒకే రోజు మొదలుపెడితే, మేలు చేసినదేదో కీడు చేసినదేదో తెలియదు. ఎనిమిది వారాలు గడువు పెట్టుకోండి. పోయెమ్ అంకె కనీసం నాలుగయినా తగ్గకపోతే ఆ వైద్యులకే పుస్తకం చూపించి, ఆపుతున్నామని మర్యాదగా చెప్పండి. చర్మవైద్యులకు కూడా ఏమి వాడారో దాచకండి. కసురుకుంటారని భయపడి మేము రెండేళ్లు దాచాం, దానివల్ల నష్టపోయింది పిల్లవాడే.

గడువు వరకు ఆగకూడని గుర్తులు ఇవి. తేనె రంగు చెక్కులు కట్టి, చీము కారి, చర్మం వేడిగా నొప్పిగా ఉంటే బాక్టీరియా చేరిందని అర్థం, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి. సూదితో పొడిచినట్టు ఒకే సైజు చిన్న గుంటల పుండ్లు గుంపుగా లేచి జ్వరం వస్తే అది హెర్పిస్ వైరస్ కావచ్చు. కంటి దగ్గర వస్తే చూపు పోవచ్చు, గంటలు కూడా ఆలస్యం చేయకండి. ఒళ్లంతా ఎర్రబడి చలి వణుకు వచ్చినా అంతే. పెదవులు, నాలుక వాచి, గొంతు బొంగురుపోయి, ఊపిరి అందకపోతే వెంటనే 108కి ఫోను చేయండి. మనిషిని వెల్లకిలా పడుకోబెట్టండి, ఊపిరి ఆడకపోతే కూర్చోబెట్టండి, లేపి నడిపించకండి. వెళ్లేటప్పుడు పేర్లు రాసిన ఆ మందుల సంచీ, నోటు పుస్తకమూ వెంట తీసుకెళ్లండి.